ఆడపడుచు చరణం

నౌపడ,
ఆషాఢ శుద్ధ ఏకాదశి.

సుహాసినికి వదిన తాయారు ఆశీస్సులు.

ఉత్తరం రాయడం మరిచిపోయి చాలా ఏళ్లయింది. చేతిలో ఫోనుండగా ఈవిడకు ఇదేం బుద్ధి అని నవ్వుకుంటావు. ఈ మాటలు నేను ఫోనులో అనలేను. నువ్వు "వదినా" అని పిలిచేసరికి నా నోరు మెత్తబడిపోతుంది. వంటయిందా, కాళ్లనొప్పులు తగ్గాయా అని అడిగి పెట్టేస్తాను. పైగా మీ అన్నయ్య స్పీకరు పెట్టందే వినలేరు. ఆయన విన్నది వీధంతా వింటుంది. ఇవాళ ఉపవాసం. ఈ రోజున అబద్ధం రాయలేనని ధైర్యం చేసుకుని కాగితం పట్టుకున్నాను.

నిన్న ఎదురింటి బుల్లమ్మ పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నీ ఫొటో చూశాను. గంధం రంగు చీర కట్టుకున్నావు. జర్మనీ వాళ్ల పాటల ఆల్బంలో మన సిక్కోలు ఆడపడుచు గొంతు అని పైన పెద్ద అక్షరాలు.

"ఏటే తాయారూ, ఇన్నాళ్లూ నువ్వే పెద్ద పాటగత్తెవనుకున్నాం. పేపరోడు సుహాసిని బొమ్మ ఏసినాడేటి?" అంది.

"అది పాడింది, వేశారు" అన్నాను.

"మరి నువ్వేటి సేసినావు? తాళాలు కొట్టినావా?"

మీ అన్నయ్య అయినా నా పక్కన మాట్లాడతారనుకున్నాను. "దీని పాట ఇచ్చాపురం కూడా దాటనేదు, మా సెల్లి పాట జెర్మనీ ఎల్లిపోనాది" అని ఆయనా బుల్లమ్మా కలిసి నవ్వారు. నేను లోపలికి వెళ్లి బియ్యంలో రాళ్లు ఏరాను. బియ్యంలో రాళ్లు లేవు.

నీకు తెలిసినదే అయినా రాస్తాను, పేపరు వాడికి తెలియలేదు కనుక. కోతలయ్యాక గైరమ్మను, అదే మన గౌరమ్మను, నిలబెట్టినప్పుడు ముందుపాట ఇంటి కోడలిది. వీధిలో ఆడవాళ్లది వంత. నేను హారతికి లేచినప్పుడు, పాటలో అమ్మవారు సముద్రం ఒడ్డుకు చేరే ఆ ఒక్క చరణం మాత్రం ఇంటి ఆడపడుచుది. అత్తయ్యగారు పెట్టిన పద్ధతి అది. రెండేళ్ల కిందట తేలినీలాపురం కొంగలను చూడటానికి వచ్చిన ఆ పొడుగు జుట్టు జర్మనీ యాకోబు, పక్షుల కూతలు పట్టుకునే బొచ్చు మైకు పెట్టుకుని మన ఇంట్లో కూర్చున్నప్పుడు ముందుపాట పాడింది నేను. అతనికి పులిహోర వడ్డించిందీ నేనే. పేపరులో మాత్రం పాటంతా నువ్వే పాడినట్టుంది. నా పేరు ఒక మూల కూడా లేదు.

నాకు కుళ్లుగా ఉంది సుహాసినీ. దేవుడి మందిరం ముందు కూర్చునే ఈ మాట రాస్తున్నాను. నా పేరు ఎందుకు లేదో చెప్పు, చాలు.

మీ వదిన
తాయారు


విజయనగరం,
జులై 19.

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి మా ఆయన "ఏటిది, కోర్టు కాగితమా?" అని కంగారు పడ్డారు. మా వదిన దస్తూరీ అని చెప్పి లాక్కున్నాను. పదో తరగతిలో రాసిన దస్తూరీయే, గుండ్రంగా, అలాగే ఉంది.

వదినా, నువ్వు ఆ ఆల్బం విన్నావా? వినకుండానే కోపం తెచ్చుకున్నావని నా అనుమానం. నాలుగే పాటలు. ఒక్కొక్కటి ఎంత పొడుగంటే, ఆమదాలవలసలో రైలెక్కితే చీపురుపల్లి దాటినా అవదు. అరుపులతో సాగే ఈ రకం సంగీతాన్ని బ్లాక్ మెటల్ అంటారట. దానిలో వాళ్ల కొండప్రాంతపు పాత జానపదాలు కలుపుతారట. అట్ట మీద మంచు పట్టిన అడవి బొమ్మ. పైన వాళ్ల జట్టు పేరు ముళ్లకంప అల్లినట్టు రాసుకున్నారు. మా ఆయన ఇంగ్లీషు మేష్టారై ఉండి కూడా ఒక్క అక్షరం పట్టుకోలేకపోయారు. మూడో పాట చివర నేను వస్తాను.

ఇక్కడ నా బతుకు మారిపోయింది. గంటస్తంభం దగ్గర కూరలు కొంటుంటే కాలేజీ పిల్లలు నల్ల బనీన్లు వేసుకుని వచ్చి "మెటల్ ఆంటీ!" అని పలకరించారు. ఒకడు కాళ్లకు దణ్ణం పెట్టాడు. కూరలామె దాలయ్య భార్య కొత్తిమీర ఊరికే ఇచ్చింది. నా వయసు నలభై ఏడు. కొత్తిమీర ఎవరైనా ఊరికే ఇచ్చారా నాకు ఇన్నాళ్లూ?

పేర్ల సంగతి నాకేం తెలుసు? వాళ్లు ఎవరి గొంతు వాడుకున్నారో వాళ్ల పేరు వేసుకున్నారు. పేపరు వాడి రాతకి నేనేం చెయ్యను? నువ్వు పెద్దదానివి, ఇంత చిన్న విషయానికి ఉపవాసం పాడుచేసుకోకు.

పాట పంపుతున్నాను. అన్నయ్య ఫోనులో పెట్టి చూడు. చెవుల్లో పెట్టుకుని విను, బయటికి పెడితే గేదెలు బెదురుతాయి.

సుహాసిని


నౌపడ,
శ్రావణ శుక్రవారం.

సుహాసినికి.

విన్నాను. వరలక్ష్మి పూజయ్యి, పేరంటాళ్లు వెళ్లాక, పెరట్లో కూర్చుని మూడో పాట మొత్తం విన్నాను.

మొదట వేణువు. మంచులో గొడ్లను తోలుకెళ్లేవాడు ఊదినట్టుంది. బాగుందే అనుకునేలోపు రేకుల కప్పు మీద పెద్దవాన పడ్డట్టు వాయింపు మొదలైంది. ఆపైన ఒకడు అరిచాడు చూడు, చెవిలోంచి పీకేసి నారాయణా అనుకున్నాను. కాసేపయ్యాక మళ్లీ పెట్టుకున్నాను. పూనకం వచ్చినవాళ్లను చూసినదాన్ని కదా, ఆ గొంతు నాకు తెలుసు. ఏమంటున్నాడో తెలియదు. కానీ ఊరికే అరవడం లేదు, ఎవరినో పిలుస్తున్నాడు. వాళ్లు వస్తారన్న నమ్మకం లేకపోయినా పిలుస్తున్నాడు.

అంత పొడుగు పాటేమిటని బుల్లమ్మ కొడుకు వెక్కిరించాడు. నాకు వింతనిపించలేదు. మన పాట మాత్రం? అమ్మ నిద్ర లేవాలి, తల దువ్వుకోవాలి, పొలం గట్లు నడవాలి, ఉప్పుమళ్లు దాటాలి. అది సినిమా పాటలో అయ్యే పనా?

తరువాత ఆ గోలంతా ఒక్కసారి ఆగింది. నీ గొంతు వచ్చింది.

ఉప్పుమళ్లు దాటింది మాయమ్మ గైరమ్మ
ఒడ్డు మీద నిలిచింది ఒంటిగా గైరమ్మ

ఎలా ఉందో రాయను. నువ్వు నన్ను అడగవద్దు.

నీ గొంతు ఆగాక కాస్త గాలి చప్పుడు. అంతే, పాటైపోయింది! నేను ఇంకా ఉందనుకుని ఫోను పట్టుకుని కూర్చున్నాను. మంగళం ఏది? మంగళం పాడితేనే కదా అమ్మ వెనక్కి తిరిగి ఇంటికొచ్చి పీట మీద కూర్చునేది. మీరందరూ కలిసి ఆవిడను సముద్రం ఒడ్డున వదిలేశారు. ఎక్కడెక్కడో చలి దేశాల్లో ఆ పాట పెట్టుకున్నవాళ్లంతా అమ్మను లేపి, నడిపించి, ఒడ్డున ఒంటిగా నిలబెట్టి పోతున్నారు. నాకు ఇవాళ అన్నం దిగలేదు.

ఇంకొకటి. పాట విన్నాక మీ ఆయనకు, గిరిబాబు అన్నయ్యకు, ఫోను చేశాను. నేను నిన్ను నిందించడానికి చేయలేదు, పాట తెగిపోయిందని చెప్పడానికి చేశాను. ఆయనకు దాచడం రాదు. "యాకోబు అడిగినాడమ్మా, ముందు పాడినావిడ పేరేటి, మిగతా ఆడోల్ల పేర్లేటి అని. సుహాసినే రాసి నాకిచ్చింది, నేను ఇంగిలీసులో పంపినాను. ఒక్క పేరే ఉన్నాది" అన్నారు.

వాళ్లు అడిగారన్నమాట. నాకేం తెలుసని రాశావు నువ్వు.

తాయారు


విజయనగరం,
ఆగస్టు 11.

వదినా,

అడిగారు. రాయలేదు. కావాలనే రాయలేదు.

నువ్వు మెల్లగా మాట్లాడతావు, అందుకని నీకు అన్యాయం జరిగిందని అందరికీ తొందరగా తెలిసిపోతుంది. నేను గట్టిగా మాట్లాడతాను, నా సంగతి ఎవరూ అడగరు.

నువ్వు మా ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాది నాకు పదహారు. అమ్మ నీకు పాట నేర్పడానికి అరుగు మీద కూర్చుంటే నేనూ వచ్చి ఎదురుగా కూర్చున్నాను. "నువ్వు లేసెల్లి పిడకలు సూడు. ఇది కోడలి పాట. ఆడపిల్ల రేపు ఎల్లిపోతాది, దాంతోపాటు పాట ఎల్లిపోకూడదు" అంది. పిడకలు తిరగేస్తూ, గోడవతల నుంచి ఎంత వినబడితే అంత నేర్చుకున్నాను. మంగళం మాత్రం తలుపేసి నేర్పింది, ఏటా పండగ నాడు కూడా అది కోడలు తలుపేసుకుని గైరమ్మ ముందు ఒక్కతే పాడాలి. గొళ్లెం పడిన చప్పుడు నాకు గుర్తుంది.

ఆ తరువాత ఏటా రైలెక్కి వచ్చి నీ వెనక కూర్చున్నాను. నా కన్నతల్లి పాటకి నేను వంత. నాకిచ్చింది ఒక్క చరణం, అది కూడా నువ్వు హారతికి లేవాలి గనుక. ఆ యాకోబు ఎవరినీ ఎరగడు. కోడలెవరో, కూతురెవరో తెలియదు. అతను విన్నదాంట్లో ఏరుకున్నది నా చరణం. దాని కింద నా పేరు రాసుకుంటే నీకేం తరిగిపోయింది వదినా? మిగతా పాటంతా నీ దగ్గరే ఉందిగా!

ఇప్పుడు మంగళం సంగతి. నువ్వన్నది నిజమే, నాకు తోచలేదు. యాకోబుకి రాయించాను. తమ పాటలు ఒడ్డున ఆగిపోతే తప్పులేదట, కానీ "మీ అమ్మ కూర్చోవాలంటే ఆ కూర్చునే పాట పంపండి" అన్నాడు. కార్తీకంలో వాళ్ల ఊళ్లో పెద్ద కచేరీ ఉందట. మూడో పాట చివర అది కలిపి వినిపిస్తాడట. నాకు మంగళం నేర్పు. నేను పాడతాను.

సుహాసిని


నౌపడ,
వినాయక చవితి మర్నాడు.

సుహాసినికి.

ఆ పద్ధతి నేను పెట్టింది కాదు. మంగళం కోడలిది. అత్తయ్యగారు నా చేత పసుపుకుంకాలు పట్టించి, ఆడపడుచులకు చెప్పనని మాట తీసుకున్నారు. దేవుడి దగ్గర ఇచ్చిన మాట.

కచేరీకి కావాలంటే నేనే పాడి పంపుతాను. మీ అన్నయ్య ఫోనులో పడుతుంది. అమ్మ కూర్చోవడమే కదా కావలసింది, ఎవరు కూర్చోబెడితేనేం? పేరు మాత్రం సరిగ్గా రాయించు. నౌపడ తాయారు అని.

తాయారు


విజయనగరం,
సెప్టెంబరు 9.

వదినా,

పాడి పంపు. నీ పేరు నా పేరుకి పైన వేయిస్తాను. నేను ఇంక అడ్డుపడను.

అమ్మ ఆఖరి రోజున "పాట పాడండే" అంది, గుర్తుందా? నువ్వు మంచం దగ్గర కూర్చుని మంగళం అందుకున్నావు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వీధిలో వాళ్లంతా నా మొహం చూస్తున్నారు, కూతురు గొంతు కలపదేమిటని. నాకు మాటలు తెలియవు. అమ్మ నీ ముఖం చూస్తూ కళ్లు మూసింది.

ఇది నిన్ను కష్టపెట్టడానికి రాయలేదు. నాకెందుకు కావాలో ఎవరికైనా ఒకసారి చెప్పాలనిపించింది. అది కచేరీ కోసం కాదు.

సుహాసిని


నౌపడ,
కార్తీక సోమవారం.

సుహాసినికి వదిన ఆశీస్సులు.

నువ్వు దసరా సెలవులకు వచ్చి వెళ్లాక నీకు ఫోను చేస్తూనే ఉన్నాను కానీ ఏమీ చెప్పలేదు. ఆ రోజు జరిగింది నువ్వూ చూశావు. నువ్వు చూడనిది ఇందులో రాస్తాను.

నీ ఆఖరి ఉత్తరం వచ్చినప్పుడు నేను మంగళం పాడి పంపడానికి సిద్ధంగా ఉన్నాను. మంచి చీర కూడా కట్టుకున్నాను, ఫోనులో గొంతే పడుతుందని తెలిసి కూడా. ఉత్తరం చదివి, మీ అన్నయ్యను ఫోను పట్టుకోమని, గొంతు సవరించుకున్నాను. మొదటి మాట వచ్చింది. రెండోది రాలేదు. "ఏటైనాది?" అంటారాయన. గుమ్మంలో నువ్వు నిలబడి ఉన్నట్టే ఉంది నాకు. నిన్ను చూస్తూ పాడలేను, నిన్ను పక్కకు తప్పుకోమనీ అనలేను. అప్పుడే నీకు ఫోను చేసి రమ్మన్నాను. కారణం చెప్పలేదు. నువ్వూ అడగలేదు.

మంగళం నేర్పడానికి కూర్చున్నప్పుడు, పసుపుముద్దతో గౌరమ్మను చేసి పీట మీద పెట్టి, "తలుపేసుకోవాలా వదినా?" అని నువ్వు అడిగావు. వద్దన్నాను. నా మంచితనం అనుకున్నావేమో. ఆచారం తప్పుతున్నాను, తలుపు కూడా వేసుకుంటే దొంగతనంలా ఉంటుందని భయపడ్డాను. మాట తప్పినందుకు అమ్మకు ముడుపు కట్టాను. ఎవరికీ చెప్పలేదు.

మంగళంలో మూడో వరుస చెప్పేటప్పుడు నేను కాసేపు ఆగాను. మంచినీళ్లు కావాలా అన్నావు. నాకు దాహం కాదు. ఆ వరుసలో పైకి వెళ్లి మళ్లీ దిగే మలుపు ఒకటుంది. అక్కడే అమ్మ సముద్రానికి వీపు తిప్పుతుంది. ఆ మలుపు చెప్పకుండా తిన్నగా చెబితే నీకు తెలియదు, జర్మనీ వాళ్లకు అంతకన్నా తెలియదు. అసలుది నా దగ్గరే ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చింది సుహాసినీ. గౌరమ్మ ఎదురుగా, నీ చెయ్యి నా చేతిలో ఉండగా వచ్చింది. మలుపు చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు. నువ్వు దాన్ని ఒక్కసారికే అందుకున్నావు. నాకు నేర్పడానికి అత్తయ్యకు వారం పట్టింది.

గిరిబాబు అన్నయ్య ఫోను సరిచూసుకుని "ఎవరు ముందు?" అన్నారు. నేను లేచి నీ వెనక్కి వెళ్లి కూర్చున్నాను. బుల్లమ్మ నోరు తెరిచి, "ఇదేటే, కోడలు వంతా?" అంటే, నాకు జలుబు చేసిందన్నాను. ఎప్పుడూ ముందు కూర్చున్నదాన్ని, వెనక నుంచి ముందుపాట ఎలా వినబడుతుందో నాకు తెలియదు. ముందు కూర్చున్నవాళ్లకు తమ గొంతు తప్ప వేరేది వినిపించదు. ఆ రోజు విన్నాను. అత్తయ్య గొంతు అది. గమకం దగ్గర ఒరిగే ఆ వంకర కూడా ఆవిడదే. నేను ఇన్నేళ్లు ఆవిడ పాట పాడాను కానీ ఆ గొంతు నాకు రాలేదు.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. నువ్వు పెళ్లయి వెళ్లిన కొత్తలో అత్తయ్యను అడిగాను, మంగళమైనా సుహాసినికి నేర్పకూడదా అని. ఆవిడ చాట పక్కన పెట్టి, "దాని గొంతు ఇంటే నాకు బయమేస్తాదే. పాట దాన్నోట పడితే ఇంక నీ ఇంటికి రాదు. నీ గొంతైతే ఇల్లు అంటిపెట్టుకుని ఉంటాది" అన్నారు. మెచ్చుకున్నారనుకుని అప్పుడు మురిసిపోయాను. ఆ మాట నిజంగా ఏమిటో తెలియడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. తెలిసీ నీకు చెప్పలేదు. చెబితే నువ్వు ఎంత సంతోషపడేదానివో నాకు తెలుసు, అందుకే చెప్పలేదు.

కచేరీ వీడియో చూశాను. గిరిబాబు అన్నయ్య పంపారు. అందరూ నల్ల బట్టలు, భుజాలు దాటిన జుట్టు, చలికి నోట్లోంచి పొగలు. యాకోబు అరిచినంతసేపు వాళ్లూ తలలు ఊపుతూ గోల చేశారు. నీ చరణం అయ్యింది, గాలి చప్పుడు అయ్యింది. అప్పుడు మంగళం వచ్చింది. ఆ మలుపు దగ్గర ఒక్కరూ కదల్లేదు. ముందు వరుసలో ఒక పెద్ద గడ్డమాయన నేల మీద కూర్చున్నాడు, ఆయన్ని చూసి ఇంకొందరు. కూర్చోవాలని వాళ్లకెవరు చెప్పారు? నేను ఫోనుకి దణ్ణం పెట్టాను. మీ అన్నయ్య ఈసారి నవ్వలేదు. "మాయమ్మ పాడినట్టే ఉన్నాది" అని కండువా కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. నీ గొంతు వెనక నా వంత కూడా వినిపించింది, వెతుక్కుంటే.

అమ్మ కూర్చుంది. నా కడుపులో మంట మాత్రం ఇంకా కూర్చోలేదు. రోజూ దీపం పెట్టి అడుగుతున్నాను. కాస్త తగ్గినట్టుంటుంది, పేపరు వాడు మళ్లీ నీ ఇంటికి వచ్చాడని వింటాను, మళ్లీ మొదలు.

నా పేరు వేయించనా అని అడిగావు. వద్దు. నీ పేరు కింద నా పేరు చూసుకోలేను, పైన వేస్తే అబద్ధం అవుతుంది. వేయాలనిపిస్తే అత్తయ్య పేరు, సుభద్రమ్మ అని వేయించు. అది మన ఇద్దరికీ పైన ఉన్నా పరవాలేదు.

కోతలయ్యాక గైరమ్మకు తప్పకుండా రా. ముందుపాట ఎవరిదని ఇప్పుడే అడగకు. ఆ రోజు నాకు జలుబు చేస్తుందో లేదో చూద్దాం.

ఈ కాగితాలు చింపేయకు. ఇంత మాట నేను మళ్లీ రాయలేను కనుక, నీ బీరువాలో అత్తయ్య పట్టుచీర మడతలో దాచి ఉంచు. గిరిబాబు అన్నయ్యకు గానీ, మీ అన్నయ్యకు గానీ, పేపరు వాళ్లకు గానీ చూపించకు. నువ్వు మళ్లీ చదువుకోవాలనిపిస్తే చదువుకో. తలుపేసుకుని.

మీ వదిన
తాయారు